నిశ్శబ్దపు గదిలో టిక్కు

“నీ కంప్యూటర్ కూలర్ పరీక్ష తప్పింది. అంతే!” పత్రిక కోసం కొత్త కూలర్లని పరీక్షించే టోర్కెల్ ఎర్ర పెన్ను మూత తీశాడు.

సిగ్నే ఆ పెన్ను లాక్కుంది. “ఆగండి టోర్కెల్ గారూ. ప్రాసెసర్ని అరవై రెండు డిగ్రీల దగ్గర నిలబెట్టింది మా కూలర్. మీ పట్టికలో ఇంకేదైనా అంత చల్లగా ఉంచిందా?”

“లేదు. మరి చప్పుడో?” శబ్దం కొలిచే మీటరు తెరమీద గీత ముళ్లు ముళ్లుగా లేస్తోంది. “నా ముసలి చెవులు పట్టుకోలేవు గానీ మీటరు పట్టుకుంది. ఫ్యాను బేరింగు కొట్టుకుంటోంది. సెలవు నుంచి వచ్చాక ఇలాంటిది ఇది నాలుగోది. అందరూ నాసిరకం బేరింగులే వేస్తున్నారు!”

టిక్... టిక్... సిగ్నేకీ వినపడుతోంది. ఐదింటికి పత్రిక అచ్చుకి వెళుతుంది. ఈ స్వీడన్‌లో టోర్కెల్ ‘కొనకండి’ అని రాశాడంటే ఇక కొనేవాడుండడు. పదకొండు మంది పనిచేసే ఆమె వర్క్‌షాపుకి తాళమే. టైము నాలుగుంపావు.

ఫ్యాను విప్పి కొత్తది బిగించింది. టిక్. పోటీ కంపెనీ ఫ్యాను తెచ్చి బిగించింది. టిక్.

“ఈ గదిలోనే ఏదో ఉంది” అంది.

“ఖాళీ గదిని ఏటా జనవరిలో కొలుస్తాను. సూది పడినా తెలిసేంత నిశ్శబ్దం. వెళ్లి కాఫీ తాగి ఏడువు, పో.”

“ఏడవడానికి రాలేదు. మీరు కాస్త బయట కూర్చోండి, నేను చూస్తాను.”

“ఇరవై రెండేళ్లుగా మీటరు పక్కనే కూర్చుని కొలుస్తున్నాను! నా కళ్లముందు జరగని పరీక్ష అచ్చులోకి వెళ్లదు!” అరిచాడు టోర్కెల్.

టిక్కు జోరందుకుంది. సిగ్నే చెయ్యి ఆగిపోయింది. ఫ్యాను వేగం ఆమె మార్చనేలేదు.

ఈసారి సగానికి తగ్గించింది. టిక్కు తగ్గలేదు.

“నన్ను ఇంకొంచెం తిట్టండి.”

“పిచ్చి పట్టిందా?”

“తిట్టండి, మీకు బాగా వచ్చిన పనేగా!”

“మొండిఘటం! నిన్ను అసలు లోపలికి రానివ్వడమే నాది బుద్ధితక్కువ!”

టిక్ టిక్ టిక్ టిక్! సిగ్నే వంగి ప్లగ్గు పీకేసింది. ఫ్యాను ఆగిపోయింది. తెరమీద ముళ్లు మాత్రం లేస్తూనే ఉన్నాయి.

టోర్కెల్ ఆగిన ఫ్యానుకేసి, తెరకేసి చూశాడు. లేచి బయటికి నడిచి మందపాటి తలుపు వేసుకున్నాడు. గీత నీళ్లలా చదునైపోయింది. తలుపు తీసుకుని లోపలికొచ్చాడు. మళ్లీ ముళ్లు.

అతని చెయ్యి మెల్లగా చొక్కా గుండీల మీదికి వెళ్లి అక్కడే ఆగింది.

“ఆ పెన్ను నీ దగ్గరే ఉందిగా, రాసుకో” అన్నాడు. “నాలుగు కూలర్లకీ క్షమాపణ. దోషి పేరు కూడా పెద్ద అక్షరాల్లో వెయ్యి... మార్చిలో నా గుండెకి వేసిన కొత్త లోహపు వాల్వు.”