వాన తగలని చోటు

వీడియో గేముల్లో కొండలు నిజమైనవాటిలా ఉండాలంటే వాటి మీద ఉత్తుత్తి వాన కురిపించాలి. నీళ్లకు నేల కోసుకుపోయి వాగులూ వంకలూ వాటంతటవే పుడతాయి. రాత్రి, ఖాళీ ఆఫీసులో ఆమె ఆ పనే చేసింది. కొండంతా కోసుకుపోయింది. వాలులో ఒక్కచోట మాత్రం, మనిషి వెల్లకిలా పడుకున్నంత మేర, మట్టి చెక్కుచెదరలేదు.

తనతో పనిచేసే కుర్రాడికి ఫోన్ చేసింది. "తమ్ముడూ, ఆ వాలు మీద బండేమైనా పెట్టావా?"

"లేదక్కా, అక్కడంతా ఉత్త మట్టే. చదును చేసి మళ్లీ కురిపించు, అదే పోతుంది."

చదును చేసి, మళ్లీ కురిపించింది. గదిలో కంప్యూటర్ ఫ్యాను చప్పుడు తప్ప మరేమీ లేదు. వాన వెలిసింది.

"పోయిందా అక్కా?"

ఆమె తెర మీదికి వంగి చూసింది.

"చిన్నదైంది," అంది మెల్లగా.

ఈసారి తడవకుండా మిగిలింది, మనిషి లేచి నిలబడితే ఆనే రెండు పాదాల మేర. వేళ్లు ఆమె వైపే ఉన్నాయి.