డిక్కీ పక్క రేకు

ఒహాయో నది పొంగి కింది వీధులు మునిగిన మూడో ఏడు ఇది జరిగింది. పాత కార్ల రేకులు బాగుచేసే ఎల్వుడ్ డెబ్బై రెండో సంవత్సరం నాటి పొడుగాటి కారొకటి కొన్నాడు. వరదలో నానిన బండి. డిక్కీ తాళం నీళ్లలో పోయిందని అమ్మినవాడు చెప్పాడు.

ఆ రాత్రి షెడ్డులో ఒక్కడే కూర్చుని, రేకు ఎక్కడ పుచ్చిందో తెలుసుకోవడానికి డిక్కీ పక్కన చిన్న సుత్తితో తడుతూ పోయాడు. గట్టి రేకు ఖంగుమంటుంది. తుప్పు తిన్నది మెత్తగా పలుకుతుంది. ఆయన ఆపినా చప్పుడు ఆగలేదు.

"వెర్నా, ఈ వయసులో నాతో ఆటలేమిటే?" అన్నాడు, భార్యే తడుతోందనుకుని.

"ఏమయ్యా, ఆ తుక్కుతో మాట్లాడుతున్నావా? ఇక్కడ సూప్ చల్లారిపోతోంది," అంది భార్య, ఇంటి వెనక గుమ్మంలోంచి.

చప్పుడు డిక్కీ లోపల్నుంచి వస్తోంది. బెత్తెడు బెత్తెడు జరుగుతూ, అచ్చం ఆయన తట్టినట్టే తడుతూ, మెత్తని చోటు వెతుక్కుంటోంది. ఆ చోటు ఎల్వుడ్‌కు తెలుసు. తన మోకాలి పక్కనే ఉంది.

"నువ్వు లోపలికి పోయి గడియ పెట్టుకో," అని, అక్కడ అరచెయ్యి అదిమిపెట్టి, తెల్లవారి చప్పుడు ఆగేదాకా కూర్చున్నాడు.

పొద్దున కాఫీ కూడా తాగకుండా, తుప్పు కోసి తీయకుండానే, దాని మీద దళసరి రేకు వేసి వెల్డింగ్ చేశాడు. నలభై ఏళ్ల రేకు పనిలో తుప్పు మీద అతుకు ఆయన ఎన్నడూ వెయ్యలేదు.