కుర్మయ్య వైపు గోడ

"ఇంకోసారి సప్పుడైందని ఫోనొస్తే ఇల్లు ఖాళీ చేయున్రి" అని గడపలోనే నిలబడి చెప్పి వెళ్లిపోయాడు ఓనరు.

మధు నీరసంగా గోడ వైపు చూశాడు. అటువాళ్లు తుమ్మితే ఇటు ప్రయాణానికి బయల్దేరినవాళ్లు ఆగి కూర్చోవాలి. అంత పల్చటి గోడ. ఎయిర్‌పోర్టు వచ్చిన ఈ నాలుగేళ్లలో శంషాబాద్‌లో ఆదరాబాదరాగా లేచిన అపార్ట్‌మెంట్లు చాలావరకు అంతే.

సప్పుడు కావలసింది వాళ్లమ్మ అమృతమ్మకి. చెవులు మందగించాక ఆవిడకి మాట తగ్గింది, తిండి తగ్గింది. నవ్వు అసలే లేదు. టీవీ పెద్దగా పెడితేనే మనిషి కాస్త కదిలేది. పెడితే ఎడమ పక్క ఫ్లాట్‌వాళ్లు ఓనరుకి ఫోన్ కొట్టేవారు.

చెవి మిషను తెచ్చారు. "లోపల ఈగ తిరుగుతున్నదిరా" అని పీకి పారేసింది.

హెడ్‌ఫోన్స్ పెట్టారు. తల నొస్తుందంది.

ఎయిర్‌పోర్టు కార్గోలో డ్యూటీ దిగి, కాళ్లీడ్చుకుంటూ, మధు భార్య మంజులతో కలిసి స్పీకర్ల దుకాణానికి వెళ్లాడు.

"మాటలు సాఫ్‌గ వినపడాలె, పక్కింటికి పోవద్దు. అసొంటిది ఉన్నదా అన్నా?"

దుకాణదారుడు నవ్వాడు. "అసొంటిది ఉంటే నేనే ఇంట్ల పెట్టుకోనా? ఊఫర్ ఏ గోడకు ఆనిస్తే ఆ ఇంటికి పోతది. మీ పక్కల ఎవరు ఓర్చుకుంటరో అడిగి కొనుక్కోన్రి."

కుడి పక్క ఫ్లాట్‌లో కుర్మయ్య ఉంటాడు. ఒక్కడే. ఎవరితో కలవడు.

మర్నాడు మధ్యాహ్నం మధు ఆ తలుపు కొట్టాడు. పలకలేదు. బాదాడు. ఎప్పటికో తలుపు తెరుచుకుంది. కుర్మయ్య ఎర్రటి కళ్లతో, ఎక్కడున్నాడో తెలియనివాడిలా చూశాడు.

"అన్నా, మా అమ్మకు వినపడదు. మీ దిక్కు గోడకు స్పీకర్లు పెడితే నీకు పరేషానా?"

కుర్మయ్య కళ్లు నులుముకున్నాడు.

మధు గొంతు పెంచి, చెవి చూపించి, గోడ చూపించి మళ్లీ అడిగాడు. కుర్మయ్య తలూపి మెల్లగా తలుపేసుకున్నాడు.

"ఆయనకూ చెవుడే పాపం" అన్నాడు మధు ఇంట్లోకొచ్చి.

"మనకు మంచిదే అయింది" అనేసి మంజుల నాలుక్కరుచుకుంది.

ఇంక భయమేముంది? ఉన్నవాటిలో పెద్ద సెట్టే తెచ్చి కుర్మయ్య వైపు గోడకు ఆనించారు.

మొదటి రోజే, టీవీలో ఎవడో బురదలో పడితే, అమృతమ్మ పకపకా నవ్వింది. "అయ్యో, గట్ల పడ్డడేందిరా!" అంటూ కళ్లు తుడుచుకుంది. మధుకి ఏడుపొచ్చినంత పనైంది.

ఆ తర్వాత పొద్దున లేస్తే చీకటి పడేదాకా ఊఫర్ మోగుతూనే ఉండేది. ఎడమ పక్కవాళ్లు గొణిగారు కానీ, ఓనరు దాకా పోలేదు. కుర్మయ్య కిక్కురుమనలేదు. మెట్ల మీద ఎదురైతే మంజుల 'బాగున్నవా' అని చేత్తో సైగ చేసేది. అతను చిన్నగా నవ్వి వెళ్లిపోయేవాడు.

వర్షాలు మొదలయ్యే రోజుల్లో ఎవరో ఒకావిడ ట్రాలీ ఆటో తెచ్చి కుర్మయ్య సామాను దింపిస్తోంది.

"ఆయన పెండ్లాన్ని, రేణుకమ్మ అంటరు. మాది షాద్‌నగర్" అంది.

"అన్న రాలేదా అక్కా?"

"ఇంటికాడ పండుకున్నడు. వచ్చినప్పటి సంది పండుకునే ఉన్నడు. నౌకరి పోయింది."

"చెవుల వల్లనేనా?" మధు జాలిగా అడిగాడు.

"చెవులకేమైంది?" ఆవిడ వింతగా చూసింది. "గగన్‌పహాడ్ల కిరాయి కార్ల ఆఫీసుల రాత్రంత ఫోన్లెత్తే పని ఆయనది. పగలు నిద్ర లేక, ఫోన్ మోగుతుంటే గూడ లేవలేదని తీసేసిన్రు."

ఇంట్లోంచి టీవీ మోత వినిపిస్తూనే ఉంది.

"ఒక్క మాట చెప్తే తగ్గించెటోళ్లం గదక్కా!" అంది మంజుల.

రేణుకమ్మ ఎత్తిన మూటను కింద పెట్టి, "నేనూ గదే అన్న బిడ్డా, 'సప్పుడు తగ్గియ్యమంటే ఆ అవ్వ నవ్వు ఆగిపోతదే' అన్నడు" అంది.