అత్తయ్య గుడ్ల డబ్బా

గుడ్ల దొంగ గైడేనని ఆవిడకి మొదటి రోజే తెలిసిపోయింది.

పక్షుల్ని చూపిస్తానని డబ్బు తీసుకున్నవాడు పొదల వైపు తిరిగి ఈల వేయడమేమిటి? పొదలోంచి తిరిగి ఈల వినబడడమేమిటి?

"లోపల వీడి మనుషులున్నారే," అంది ఆవిడ, కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుని.

"లోపల పిట్ట ఉందమ్మా."

ఆవిడ నమ్మలేదు. పరాయి దేశం, భాష రాదు, ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ. పెళ్లికాని పిల్లని కాబోయే అల్లుడితో ఒంటరిగా పంపలేక వెంట వచ్చింది గానీ, లేకపోతే మేడ మెట్లెక్కడానికే గుండె దడ వచ్చే మనిషి. సీల్ తియ్యని సీసా నీళ్లని కూడా హోటల్ గదిలోని కెటిల్‌లో మరగబెట్టి గానీ ఎవర్నీ తాగనిచ్చేది కాదు.

కాబోయే అల్లుడి విషయంలో మాత్రం ఆవిడకి బెంగ లేదు. వచ్చిన ప్రతి సంబంధానికీ వంక పెట్టిన కూతురు, తనలాగే పిట్టలంటే ప్రాణం పెట్టే ఈ అబ్బాయికి సరేనంది. ఈ కొండలు దిగి క్షేమంగా ఇల్లు చేరి, నిశ్చితార్థం అయిందనిపించుకుంటే చాలు. ఈలోగా ఏ అడ్డూ రాకూడదు. వస్తుందనే ఆవిడ భయం.

గైడు రోజూ ఒకటే పాట పాడేవాడు. ఈ కొండ మీద తప్ప ఇంకెక్కడా లేని పిట్ట ఒకటుందట. దాని గుడ్లు తెల్లగా అచ్చం కోడిగుడ్లలాగే ఉంటాయట. ఎవరో వాటిని గూళ్లలోంచి ఎత్తుకుపోయి, ఇళ్లలో పొదిగించుకునే డబ్బున్నవాళ్లకి అమ్ముతున్నారట. గుడ్డు దొరికినవాడు ఇల్లు కట్టుకోవచ్చట.

"గూళ్లెక్కడున్నాయో తెలిసినవాడు వీడొక్కడే. మరి ఎత్తుకుపోయేది ఎవరో అడుగు," అంది ఆవిడ.

కూతురు గైడుకి ఏదో చెప్పింది. గైడు పొంగిపోయి, గుండె మీద చెయ్యి పెట్టుకుని వంగాడు.

"ఏం చెప్పావే?"

"మీ కొండలు బాగున్నాయంటోందని చెప్పాను."

అమ్మ మాటల్లో సగం మింగేసి చెప్పడం ఆ పిల్లకి అలవాటైపోయింది.

చివరి రోజు తెల్లవారగానే కాబోయే అల్లుడు ఆవిడ గది తలుపు తట్టాడు. మోకాళ్లు గీసుకుపోయాయి. జుట్టులో ఆకులు. చేతిలో రాత్రి అడిగి తీసుకెళ్లిన ఆవిడ స్టీలు డబ్బా.

"పిట్ట కూత విందామని వెళ్లి జారిపడ్డాను అత్తయ్యా," అన్నాడు. "దారిలోకి ఉడకబెట్టిన గుడ్లు. కిచెన్ నుంచి నేనే తెచ్చాను. శాలువాలో చుట్టి ఒళ్లో పెట్టుకోండి, చల్లారితే పాడైపోతాయి. ఎవరి చేతికీ ఇవ్వకండి."

"నా డబ్బా మీద చెయ్యి వేసే మగాడు ఇంకా పుట్టలేదు బాబూ. ముందు ఆ మోకాళ్లకి మందు రాసుకో. సెప్టిక్ అయితే కాలు తీసేస్తారు."

కడుపున పుట్టినవాళ్లు కూడా ఇంత కనిపెట్టుకుని ఉండరు అనుకుంది ఆవిడ, తలుపు వేసుకుంటూ.

బయల్దేరే వేళకి గైడు రొప్పుకుంటూ వచ్చాడు. పైనున్న గూడు ఖాళీ అయిపోయింది. కింద చెక్‌పోస్టులో అందరి సామానూ వెతుకుతారు.

"చేసిందంతా చేసి ఎంత చక్కగా ఏడుస్తున్నాడో చూడు," అంది ఆవిడ. "మన సంచుల్లో తనే వేసి మనల్ని పట్టిస్తాడు. నేను ఇక్కడి జైల్లో కూర్చుంటే నీ పెళ్లి ఎవరు చేస్తారే?"

"అమ్మ చాలా బాధపడుతోంది," అని గైడుకి చెప్పింది కూతురు.

వ్యాను కొండ దిగుతుంటే ఆవిడ సంచిలోంచి పొట్లం తీసింది. గదిలోనే గుడ్డు ముక్కలు, మిరియాల పొడి పెట్టి చేసిన బ్రెడ్డు. మలుపుల్లో కూతురికి వాంతులవుతాయని పెట్టలేదు. అంతా కాబోయే అల్లుడికే పెట్టింది. అతను ఆవిడ ఒళ్లో శాలువా మూటని చూసుకుంటూ, హాయిగా తిని వేళ్లు కూడా నాకాడు.

"మీ చేతిలో ఏదో ఉంది అత్తయ్యా. ఇంత కమ్మటి గుడ్డు నేనెప్పుడూ తినలేదు."

చెక్‌పోస్టులో సంచులన్నీ బల్ల మీద బోర్లించారు. ఏమీ దొరకలేదు. గైడు శాలువా మూట వైపు వేలు చూపించాడు.

"కావాలంటే నన్ను చంపి తీసుకోమను!" అని అరిచింది ఆవిడ.

"అమ్మ సరేనంటోంది," అంటూ కూతురు డబ్బా లాక్కుని గార్డుకి ఇచ్చేసింది.

కాబోయే అల్లుడి ముఖంలో నెత్తురు చుక్క లేదు. పెద్దావిడ తిండి డబ్బా జోలికి పోవద్దని గార్డుకి అడ్డం పడ్డాడు. తన పరువు కోసం ఎంత తల్లడిల్లుతున్నాడో అని ఆవిడకి కళ్లు చెమర్చాయి.

గార్డు గుడ్లని ఒక్కొక్కటే బల్లకేసి కొట్టాడు. ఉడికిన కోడిగుడ్డు. తర్వాతదీ అంతే. అన్నీ అంతే. గైడు తల వంచుకుని, క్షమించమని ఆవిడకి దణ్ణం పెట్టినంత పని చేశాడు. గండం గడిచిందని ఆవిడ ఊపిరి పీల్చుకుంది.

కాబోయే అల్లుడు మాత్రం పెంకులు కెలుకుతున్నాడు. "ఇవేనా అత్తయ్యా? నేనిచ్చినవన్నీ ఇవేనా? ఇంకేం లేవా?"

ఏమంటున్నాడని గైడు కూతుర్ని అడిగాడు.

"పైనున్న రెండూ పచ్చివి బాబూ," అంది ఆవిడ, అతని వీపు నిమురుతూ. "చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల కదిలాయి. పచ్చిగుడ్డు తిని ఏ రోగమో తెచ్చుకుంటావని, కెటిల్‌లో వేసి బాగా ఉడకబెట్టి నీ బ్రెడ్డులో పెట్టాను. వ్యానులో రెండూ నువ్వే తిన్నావుగా."

ఈసారి కూతురు అమ్మ మాటల్లో ఒక్క ముక్క కూడా మింగకుండా గైడుకి చెప్పింది.