రొమ్ము ఎముక వెనక అస్తరు

“మళ్లీ చింపేశారు!”

డిసెక్షన్ హాల్లో శరీరనిర్మాణం చెప్పే మేడం కోసి తీసిన రొమ్ము ఎముక ఉన్న ట్రేని బల్ల మీద పెట్టింది. పిల్లలు అప్పటికే జారుకున్నారు. గుమ్మంలో తెల్లకోట్ల మూటతో టైలరు నిలబడి ఉన్నాడు. పాతికేళ్లుగా ఈ కాలేజీకి కోట్లు కుట్టేది ఆయనే.

“ఏం చింపారమ్మా?”

“మీరే చూడండి మాస్టారూ. రొమ్ము ఎముకకి లోపలివైపు విసనకర్రలా పరుచుకుని ఓ పల్చటి కండరం ఉంటుంది. ఛాతీ తెరిచేటప్పుడు జాగ్రత్తరా అని చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది. చెవిటివాడి ముందు శంఖమే!”

టైలరు మూట దింపి, కళ్లజోడు సవరించుకుని తొంగి చూశాడు. “కోటుకి అస్తరులాగన్నమాట.”

“అదే. దీనికీ పక్కటెముకలకీ మధ్యనుంచే ఓ రక్తనాళం దిగుతుంది. గుండె ఆపరేషన్లో దాన్నే తీసి గుండెకి కుడతారు. వీళ్లు ఇక్కడ సరిగ్గా చూడకపోతే రేపు బతికున్న మనిషిలో వెతుక్కుంటారు.” ఆమెకి కోపం కన్నా భయమే ఎక్కువగా ఉంది.

“ఎక్కడ కోశారు?”

ఆమె వేలితో చూపింది.

“అయ్యో రాత! కుట్టు పక్కనే కత్తెర పెడితే అస్తరు మిగులుతుందా? ఇంకో నాలుగు వేళ్లు పక్కకి జరగాలి.” మెడలోని టేపు తీసి కొలిచాడు. సుద్దతో బల్ల మీద గీత గీసి చూపించాడు. “రాసి గోడకి అంటించండి. మర్చిపోతారు.”

మేడంకి నవ్వొచ్చింది. “అలాగే. కానీ ఇంకో దేహం ఎప్పుడొస్తుందో! రెండేళ్లకి ఇదొక్కటే వచ్చింది.”

“వస్తుందిలెండి. పిల్లల్ని మాత్రం తొందరపడొద్దనండి. పని చెడిపోతే నాకు మనసొప్పదు.” దగ్గు రావడంతో స్టూలు మీద కూలబడ్డాడు.

“ఒంట్లో ఎలా ఉంది మాస్టారూ?”

“డాక్టర్లు మిషను తొక్కొద్దన్నారు. ఇదే ఆఖరి మూట. కొట్టు ఇక మా అమ్మాయిదే. కాగితం మీద సంతకం పెట్టవే అంటే వారం రోజులు ఏడ్చింది పిచ్చిది. నిన్న పెట్టింది.”

“పోన్లెండి, దారిన పడింది. ఇకనైనా విశ్రాంతి తీసుకోండి.”

ఆయన తలూపి, జేబులోంచి మడత కాగితం తీశాడు. “మీ సంతకం కూడా కావాలమ్మా.”

కోట్లు అందినట్టు రసీదు మీద ఆమె ఏటా పెట్టే సంతకమే. పెన్ను మూత తీసింది.

“నాలుగు వేళ్లు,” ఆయన మళ్లీ గుర్తుచేశాడు.

“గుర్తుంది మహానుభావా!” అంటూ మేడం మడత విప్పింది.

అది ఆయన దేహదాన పత్రం.