మనిషితో పని లేని కాగితం

శుభమా అని కొత్త పని మొదలుపెట్టబోతుంటే, గుమ్మంలో ఒక తాగుబోతు వచ్చి నిలబడ్డాడు.

ముసలివాడు. తూలుతున్నాడు. మూతి పక్కన చొంగ కారుతోంది. చొక్కా గుండీలు సగమే పెట్టుకున్నాడు.

మేనేజర్ భీమశంకర్‌కి ఒళ్ళు మండిపోయింది. మండదూ మరి! ఆ హిందీ ఊరు పర్సుడీహ్‌లో ఆఫీసు తెరిచిందే విదేశాలకి వెళ్ళే సరుకుకి కాగితాలు పెట్టడానికి. ఇవాళ్టి నుంచి ఆ కాగితాలన్నీ దేశమంతటికీ ఒక్కటే పోర్టల్లోకి వెళ్ళిపోతాయి. అందుకని కంప్యూటర్‌కి బొట్టు పెట్టి, కీబోర్డు మీద బంతిపువ్వు కూడా ఉంచారు.

“ఎవరయ్యా నువ్వు? ఏం కావాలి?”

ముసలాయన నోరు తెరిచాడు. ముద్దముద్దగా ఏదో శబ్దం వచ్చింది గానీ అది ఏ భాషా కాదు. చేతిలోని పాత మీటల ఫోను గుమాస్తా కుసుమ వైపు చాచాడు.

కుసుమ కంప్యూటర్ ముందు నుంచి లేవలేదు.

“రీచార్జ్ యహా నహీ హోతా, బాబా. పక్క దుకాణంలో అడుగు.”

ఆయన తల అడ్డంగా ఊపాడు. ఫోను ఇంకా ముందుకి చాచాడు.

“ఛీ! మంచి పని పెట్టుకుంటే ఈ దరిద్రమొకటి! ఆదిబాబూ!” అని మేనేజర్ కేక పెట్టాడు.

వాచ్‌మన్ ఆదిబాబు వచ్చి రెక్క పట్టుకున్నాడు.

“పొద్దున్నే పట్టించేసినట్టున్నాడు సార్. పదవయ్యా పెద్దాయనా, పద పద.”

ఈడ్చుకుపోతుంటే ఆయన గుమ్మం పక్క బెంచీ మీద ఆ ఫోను పెట్టేశాడు. ఎవరూ చూడలేదు. తాగుబోతు ఏం పారేసుకుంటే ఎవరికి కావాలి?

లోపల కుర్చీలో ఉమామహేశ్వరి చీర కొంగు నలుపుకుంటూ కూర్చుంది. ఆదిత్యపూర్‌లో చిన్న ఫౌండ్రీ ఆవిడది. కొత్త పోర్టల్లో మొదటి కాగితం ఆవిడ సరుకుదే.

“మధ్యాహ్నం లోపల ఇది పడకపోతే నా కంటైనర్ రైలెక్కదు సార్. విశాఖలో ఓడ తప్పిపోతుంది. బయటిదేశం పార్టీ ఆర్డరు రద్దు చేస్తానని చెప్పేశాడు. ఇంక నా కొలిమి ఆర్పుకోవడమే.”

“కంగారు పడకండి మేడమ్. ఇదివరకైతే సంతకమనీ, స్టాంపనీ మనుషుల చుట్టూ తిరగాల్సి వచ్చేది. ఇప్పుడు మనిషితో పనే లేదు!”

పని లేదట! ఆ ముక్క చెప్పడానికి మాత్రం ఒక మనిషి కావలసివచ్చాడు.

కుసుమ బంతిపువ్వు తీసి పక్కన పెట్టి మీట నొక్కింది.

స్క్రీన్ మీద ఓటీపీ గడి తెరుచుకుంది.

ఆ ఒక్క మెలిక ఉండిపోయింది. ఓనరు కలకత్తాలో ఉంటాడు. ఈ కాగితాలు పెట్టే లైసెన్సు ఎప్పుడో రిటైరైన పాత ఉద్యోగి పేరు మీద ఉంది. కాగితం కదలాలంటే ఆయన ఫోనుకే నంబరు వెళ్ళాలి. రికార్డుల్లో ఆయన పేరు ఎ. సూరి. పంజాబీ ఆయనేమో అనుకునేది కుసుమ. ఇప్పుడు ఆఫీసులో ఉన్నవాళ్ళెవరూ ఆయన్ని చూసింది లేదు. ఆమెకి తెలిసింది, చేరిన నాటి నుంచీ రోజూ ఫోన్లో వినే హిందీ గొంతు, అంతే. “లిఖో బిటియా” అని నంబరు రాయించి, “ఖానా ఖాయా?” అని తిండి సంగతి అడిగి మరీ పెట్టేసే గొంతు. ఆమె ఫోన్లో ఆయన పేరు ‘ఓటీపీ అంకుల్’.

నిన్న సాయంత్రమే ఆమె ఆయనకి మరీమరీ చెప్పింది. రేపు ఫోను దగ్గరే ఉంచుకోండి, ఒక ఫ్యాక్టరీ బతుకు మీ నంబరు మీదుంది అని.

“నంబర్ పహుంచ్ జాయేగా, బిటియా,” అన్నాడాయన. నంబరు నీకు అందుతుందమ్మా అని.

కుసుమ ఫోన్ కలిపింది.

గుమ్మం బయట రింగు మోగింది.

పెట్టేసి మళ్ళీ కలిపింది. మళ్ళీ అక్కడే మోగింది.

ఆదిబాబు లోపలికి వచ్చాడు. “ఈ ఫోను బెంచీ మీద మోగతన్నాది మేడమ్. ఆ తాగుబోతోడిదే.”

కుసుమ అందుకుంది. తెర మీద తన నంబరే వెలుగుతోంది. మోత ఆగిపోగానే కింద ఓటీపీ కనిపించింది.

“సార్... ఇది... అంకుల్ ఫోను...”

“ముందు నంబరు కొట్టమ్మా! మిగతాది తర్వాత చూద్దాం.”

కొట్టింది. పచ్చటి టిక్కు పడింది. ఉమామహేశ్వరి కంప్యూటర్‌కి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. భీమశంకర్ ఫోటో కోసమని ఆ కాగితాన్ని ప్రింటు తీయించాడు. అడుగున సన్నటి అక్షరాల్లో ఉంది, ఈ పత్రానికి ఎవరి సంతకమూ అవసరం లేదని.

కుసుమ మాత్రం ఆదిబాబు దగ్గరికి పరుగెత్తింది.

“అంకుల్ కహా హై? ఎక్కడ వదిలేశావ్?”

“గోడకి జేరబెట్టేను మేడమ్. నిద్దరోతన్నాడు. మొకం మీద నీళ్ళు కొట్టినా లెగనేదు.”

ఆమె చేతిలో ఆ ఫోను మళ్ళీ మోగింది. అవతల ఆడమనిషి. తెలుగు.

“అమ్మా, నాను రత్నాన్ని, అప్పలసూరి గారి ఇంటిదాన్ని. బాగ్‌బేరా నుంచి పక్కింటోళ్ళ ఫోన్లో సేత్తన్నాను. తెల్లారగట్ల ఆయనకి మూతి వొంకరపోయి మాట పడిపోనాది. ఆసుపత్రికి పదండంటే ఇన్నేదు. ఫోను సూపించి, మీ ఆఫీసు కేసి సెయ్యి సూపించి, నాను పక్కోళ్ళని పిలిసేలోగా ఆటో ఎక్కి ఎలిపోనారు. నోటితో సెప్పలేరు గదా, అందుకని ఫోన్నే అట్టుకొచ్చేరు... నంబరు అందిందా తల్లీ? అందితే ఇంక ఆసుపత్రికి వత్తారేమో అడగమ్మా.”