ఏటి పాతదారి

ముసలాయన సంచి విప్పి, పటాల గుమాస్తా బల్ల మీద ఇంత ఇసుక కుమ్మరించాడు.

గుమాస్తాకు ఒళ్లు మండింది. అప్పుడే తుడిపించిన బల్ల అది.

"కొత్త కాలనీలో రెండు గజాలు తవ్వించాను బాబూ. అడుగున ఇదే తేలింది. ఏటి ఇసుక. గుల్లలు కూడా ఉన్నాయి, చూడు."

మనిషికి డెబ్బై దాటి ఉంటాయి. ఏ వీధో, ఎవరి తాలూకో తెలియదు. పేరు అడగాలని కూడా ఎవరికీ తోచలేదు. వారంలో ఆయన రావడం ఇది మూడోసారి.

వచ్చినప్పుడల్లా ఒకటే పాట. ఒకప్పుడు ఏరు ఊరి వెనకనుంచి పెద్ద వంపు తిరిగి పోయేదట. ఇప్పటి బస్టాండు దగ్గర పడవల రేవు ఉండేదట. మూడు తరాల కిందట ఏరు దారి మార్చుకుని ఊరి ముందుకొచ్చిందట. పెద్ద వరదంటూ వస్తే మళ్లీ పాతదారే పడుతుందట. ఆ దారిలోనే కొత్త కాలనీ లేచింది. పటంలో ఆ చోటు మెరక అని ఉంది, అది తప్పు, దిద్దండి అని ఆయన గోల.

ఆ మాట గుమాస్తా చెవికెక్కకపోవడానికి కారణం లేకపోలేదు. ఆ కాలనీలోనే అతని అక్క ఇల్లు కట్టుకుంది. పునాది తీసేముందు, నేల మంచిదేనా తమ్ముడూ అని అడిగింది. పటం చూసి, కళ్లు మూసుకుని కట్టుకోమన్నది ఇతనే. ఇప్పుడు కాదంటే అక్కకు ముఖం ఎలా చూపించాలి?

అందుకే గోడమీది పటం చూపించి ఆరోజు కాస్త గట్టిగానే అన్నాడు.

"ఈ పటం గీసినాయన మీలా సంచిలో ఇసుక మోసుకురాలేదు పెద్దాయనా. కొలత గొలుసు పట్టుకుని ఊరంతా నడిచి, అడుగడుగూ కొలిచి గీశాడు. నలభై ఏళ్లు దాటింది, ఒక్క గీత తప్పని తేలలేదు. ఈనాటికీ కొత్తవాళ్లకు ఆయన పేరు చెప్పే మేం పని నేర్పుతాం. ఆయనొచ్చి తప్పంటే దిద్దుతాను. మీరంటే కాదు."

ముసలాయన నోరు తెరిచాడు. పటం వంక చూశాడు. ఏమనుకున్నాడో ఏమో, తెరిచిన నోరు మూసేసి, ఇసుకంతా చేత్తో పోగుచేసి సంచిలోకి ఎత్తుకున్నాడు.

"రేపొస్తాను బాబూ," అన్నాడు.

మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. పీడ విరగడైందనుకున్నాడు గుమాస్తా.

నెల తిరక్కుండానే పైన ఎక్కడో వానలు కుమ్మేశాయి. ఏరు ఎగువన గట్టు తెంచుకుని, ఊరి వెనక్కి తిరిగి, బస్టాండు మీదుగా కొత్త కాలనీలోకి పోయింది.

గుమాస్తా వంతెన మీద నిలబడి చూశాడు. ముసలాయన వేలితో గాలిలో గీసి చూపించిన వంపే. నడుమ అక్క ఇంటి డాబా కనిపిస్తోంది. పడవ లేదు, తాడు లేదు. ఉన్నా ఆ ఉరవడిలో దిగే మొనగాడు లేడు. చేతులు పిసుక్కుంటూ సాయంత్రందాకా అక్కడే ఉన్నాడు. ఏడుపొచ్చింది, ఏడ్చాడు. అంతకన్నా అతని వల్ల ఏమీ కాలేదు.

అక్క, బావ డాబా ఎక్కి బతికారు. మంచంలో ఉన్న అక్క అత్తగారిని పైకి చేర్చేలోపే నీళ్లు ముంచేశాయి. అక్క తమ్ముణ్ణి ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండుననిపించింది అతనికి.

వరద తీశాక ముసలాయన కోసం వీధివీధీ గాలించాడు, కాళ్ల మీద పడదామని. చివరికి తాళాలు బాగుచేసే అతను ఒక ఇల్లు చూపించాడు. నలభై దాటిన ఆడమనిషి తలుపు తీసింది. తను పటాల ఆఫీసు గుమాస్తానని, పెద్దాయన కోసం వచ్చానని చెప్పాడు.

నాన్న వరదకు నాలుగు రోజుల ముందే పోయారని చెప్పింది. ఆఫీసు నుంచి వచ్చిన ఆరోజే మంచం పట్టారట.

"మీతో చెప్పేద్దామనే వచ్చారండి. మీరు అంతగా పొగిడేసరికి నోరు రాలేదట. రేపు చెబుతా, రేపు చెబుతా అంటూనే పోయారు."

"ఏం చెబుదామని వచ్చారమ్మా?"

ఆవిడ తలుపు పట్టుకుని తల దించుకుంది.

"ఊరంతా కొలుచుకుంటూ ఆ వంపు దగ్గరికొచ్చేసరికి నేను పుట్టబోతున్నానని కబురొచ్చిందట, ఆ ఒక్క ముక్కా నడవకుండా అందాజుగా గీసేసి ఇంటికి పరిగెత్తుకొచ్చారటండి."